పాటన్ లోగిళ్ళలో ఒక పూట: తరచుగా అడిగే ప్రశ్నలు

ముక్తినాథ్ యాత్రకో, పశుపతినాథుడి దర్శనానికో కాఠ్మాండు వెళ్ళిన తెలుగువారికి తిరుగు ప్రయాణానికి ముందు సాధారణంగా ఒక పూట మిగులుతుంది. ఆ పూటను చాలామంది థమేల్ బజారులో రుద్రాక్షలు బేరమాడుతూ గడిపేస్తారు. బాగ్మతి దాటి పాటన్‌కు వెళ్ళి ఆ పూటంతా నడవండి అని నేను ఎవరికి చెప్పినా, వెంటనే కొన్ని ప్రశ్నలు వస్తాయి. బంధువులను, స్నేహితులను వెంటబెట్టుకుని ఆ సందుల్లో తిరిగినప్పుడు విన్న ప్రశ్నలు మరికొన్ని. అవన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను.

పాటన్ అంటే గుజరాత్‌లో ఉన్నదే కదా?

కాదు. ఇది నేపాల్‌లో కాఠ్మాండుకు దక్షిణాన, బాగ్మతి నదికి ఆవలి ఒడ్డున ఉంది. ప్రభుత్వ కాగితాల్లో దీని పేరు లలిత్‌పుర్. ఇక్కడి మూలవాసులైన నేవార్లు తమ భాషలో యల అంటారు. ఇప్పుడు రెండు నగరాలూ కలిసిపోయి ఒకే ఊరులా కనిపిస్తాయి గానీ, మల్ల రాజుల కాలంలో కాఠ్మాండు, పాటన్, భక్తపూర్ మూడు వేరువేరు రాజ్యాలు. మూడింటిలోనూ దాయాదులే పాలించారు. యుద్ధాల్లో ఎంత పోటీపడ్డారో గుళ్ళు కట్టడంలోనూ అంతే పోటీపడ్డారు. పక్క ఊళ్ళో కృష్ణుడి గుడి లేస్తే మన ఊళ్ళో అంతకంటే ఎత్తైనది లేవాలన్నమాట. ఆ పంతాల ఫలం నేడు మనం చూస్తున్నాం. కాఠ్మాండు లోయలోని ఏడు ప్రాంతాలను యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాత రాజభవనం ముందున్న కూడలి, పాటన్ దర్బార్ చౌక్, వాటిలో ఒకటి.

బహాల్ అంటే ఏమిటి? గుడా, మఠమా, ఇల్లా?

మూడూను. మన మండువా లోగిలిని చూసినవారికి దీన్ని చెప్పడం తేలిక. నాలుగు వైపులా కట్టడం, మధ్యలో ఆకాశం. మండువాలో ఉండేది ఒక కుటుంబం, బహాల్‌కు చెందేది ఒక సంఘం. వీధివైపు తల వంచి దూరవలసిన చిన్న ద్వారం, లోపల రాళ్ళు పరిచిన ప్రాంగణం, మధ్యలో చిన్న చైత్యం ఉంటాయి. ద్వారానికి ఎదురుగా గర్భగుడి, చాలాచోట్ల అందులో శాక్యముని బుద్ధుడు. మిగతా మూడు వైపులా మనుషుల ఇళ్ళు. బుద్ధుడి ముందు ఎండుమిరపకాయలు ఆరబోసి ఉంటాయి, చైత్యం పక్కన పిల్లలు బంతి ఆడుతుంటారు.

ఒకప్పుడు ఇవి బ్రహ్మచారులైన భిక్షువుల విహారాలు. కాలక్రమంలో భిక్షువులు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, విహారాలు వంశపారంపర్యమయ్యాయి. శాక్యులు, వజ్రాచార్యులు అనే రెండు వర్గాలవారు నేటికీ వీటి సభ్యులు. వజ్రాచార్యులు పురోహితులు, శాక్యుల్లో చాలామంది లోహశిల్పులు, కంసాలులు. ఈ ఇళ్ళలో మగపిల్లవాడికి చిన్నతనంలో గుండు చేయించి, కాషాయం కట్టి భిక్షువును చేస్తారు. ఆ సన్యాసం నాలుగు రోజులే. తరువాత వస్త్రం విడిచి గృహస్థ ధర్మంలోకి తిరిగి వస్తాడు. కాశీయాత్రకు బయల్దేరిన పెళ్ళికొడుకును బావమరిది వెనక్కి పిలుచుకువచ్చే మన తంతు గుర్తుకొస్తుంది. కాకపోతే వీళ్ళు సన్యాసం నిజంగానే పుచ్చుకుని మరీ వదులుతారు.

బహీ అనే మాట కూడా వినిపిస్తుంది. అదీ విహారమే, పాత ఊరి అంచుల్లో, మెట్లెక్కి వెళ్ళే ఎత్తైన పీఠం మీద ఉంటుంది. నని, చుక అంటే ఇళ్ళ మధ్య ప్రాంగణాలు. పాటన్‌లో బహాల్‌లు, బహీలు కలిపి వంద దాటే ఉన్నాయి. ఒక పూటలో అయిదారు చూస్తే చాలు.

గైడు లేకుండా తిరగలేమా?

దర్బార్ చౌక్ వరకు తిరగవచ్చు. చరిత్ర కోసమైతే గైడు అక్కర్లేదు, పుస్తకాల్లో ఉంది. గైడు కావలసింది తలుపు కోసం.

ఈ ఊళ్ళో మంచివన్నీ చీకటి ద్వారాల వెనక ఉన్నాయి. బయటినుంచి చూస్తే అది ఎవరి సామాన్ల గదో, మెట్ల కింది సందో అనిపిస్తుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక బహాల్ ముందునుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. నాలుగోసారి ఒక ముసలావిడ అరుగు మీదనుంచి నవ్వి, చేత్తో లోపలికి చూపించింది. ఏ ద్వారం అందరిదో, ఏది ఒక ఇంటివారిదో, ఏ రోజు లోపల పూజ జరుగుతుందో, ఎక్కడ ఒక్క నమస్కారంతో దారి దొరుకుతుందో ఆ వాడలో పుట్టినవారికి తెలుస్తుంది.

కాబట్టి గైడును కుదుర్చుకునేటప్పుడు అనుభవం ఎన్నేళ్ళని అడగకండి. “మీ ఇల్లు ఏ బహాల్ దగ్గర?” అని అడగండి. తడుముకోకుండా జవాబు వస్తే అతనితో వెళ్ళండి. గుర్తింపు కార్డు చూడటం, మొత్తం ఎంతో ముందే మాట్లాడుకోవడం మామూలు జాగ్రత్తలే. హిందీ దాదాపు అందరికీ వచ్చు.

ఎంత దూరం నడవాలి? అమ్మకు మోకాళ్ళ నొప్పులు.

మొత్తం రెండు మూడు కిలోమీటర్లు, నింపాదిగా నడిస్తే నాలుగు గంటలు. ఎత్తుపల్లాలు పెద్దగా లేవు. ఇబ్బందల్లా ఎగుడుదిగుడు రాళ్ళతో, ఎత్తైన గడపలతో, సందుల్లో దూసుకొచ్చే మోటారు సైకిళ్ళతో. కూర్చోవడానికి మాత్రం కొదవ లేదు. దారి పొడవునా ఫల్చా అనే కప్పు వేసిన అరుగులుంటాయి. బాటసారుల కోసమే కట్టించినవి కాబట్టి మొహమాటం అక్కర్లేదు. సాయంత్రం కొన్నింటిలో పెద్దవాళ్ళు చేరి తాళాలతో భజనలు పాడుతారు. అమ్మను అక్కడ కూర్చోబెట్టి మీరు ఒక సందు తిరిగి వస్తే ఆవిడకే ఎక్కువ కాలక్షేపం.

ఏ దారిన వెళ్ళాలి?

నా దారి చెబుతాను. పొద్దున ఏడింటికల్లా దర్బార్ చౌక్ ఉత్తరపు కొసన ఉన్న మంగ హిటి దగ్గర మొదలుపెట్టండి. హిటి అంటే నేలమట్టానికి దిగువన, మెట్లు దిగి చేరే నీటి ధార. మూడు మకర ముఖాల్లోంచి నీళ్ళు పడతాయి. ఇది 6వ శతాబ్దానిది, చుట్టూ ఉన్న రాజభవనం కంటే వెయ్యేళ్ళు పాతది. ఇప్పటికీ బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు వస్తారు. వాళ్ళు నీళ్ళు పట్టుకునే చోట మన చెప్పుల కాళ్ళు కడుక్కోకూడదు. చెప్పనవసరం లేని మాటే, అయినా ఒకసారి చెప్పవలసి వచ్చింది.

అక్కడినుంచి ఉత్తరంగా నడిస్తే కుంభేశ్వర్. అయిదంతస్తుల కప్పుల శివాలయం, 14వ శతాబ్దపు చివర జయస్థితి మల్లుడి కాలంలో మొదలైంది. గుడి ఆవరణలోని కోనేటికి హిమాలయాల్లోని గోసాయికుండం నుంచి భూగర్భ మార్గంలో నీళ్ళు వస్తాయని నమ్మకం. మన జంధ్యాల పౌర్ణమి ఇక్కడ జనై పూర్ణిమ. ఆనాడు కోనేటి మధ్యలో లింగాన్ని ఉంచుతారు, జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉంటారు. పక్కనే బగలాముఖి. అక్కడ గురువారాలు వరుస చాలా పొడవు.

వెనక్కి వస్తూ క్వా బహాల్. పుస్తకాల్లో పేరు హిరణ్యవర్ణ మహావిహారం, బోర్డుల మీద బంగారు గుడి. దీని గురించి కింద విడిగా రాశాను. అక్కడినుంచి వెనక సందుల గుండా ‘ఇలానని’ అనే ప్రాంగణం మీదుగా నాగ్ బహాల్ చేరుకోవచ్చు. నాగ్ బహాల్ ప్రాంగణం ఎంత పెద్దదంటే, సందులోంచి హఠాత్తుగా అందులోకి అడుగుపెట్టినవారు ఒక్క క్షణం నోరు తెరుస్తారు. నాలుగేళ్ళకొకసారి పాటన్‌లోని దీపంకర బుద్ధుడి విగ్రహాలన్నీ ఊరేగి వచ్చి సమ్యక్ అనే ఉత్సవంలో దానం అందుకునేది ఇక్కడే. మామూలు రోజుల్లో పావురాలు, స్వెటర్లు అల్లుకునే అమ్మమ్మలు. నడక మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. ఇక్కడ చూడవలసిన ప్రత్యేక వస్తువేదీ లేదు. పది నిమిషాలు ఊరికే కూర్చోండి.

స్వోథా మీదుగా దర్బార్ చౌక్‌కు తిరిగి వస్తే ఎండ ఎక్కి ఉంటుంది. కృష్ణ మందిరం, రాజభవనం లోపలి మూడు ప్రాంగణాలు చూసి, కాస్త తిని, ఓపిక ఉంటే ఆగ్నేయంగా నడిచి మహాబౌద్ధ చేరండి. ఇళ్ళ మధ్య ఇరుకు ప్రాంగణంలో మట్టి ఇటుకల శిఖరం నిటారుగా లేచి ఉంటుంది. బుద్ధగయ గుడిని చూసి వచ్చిన అభయరాజ శాక్యుడు దాన్ని తలపించేలా 16వ శతాబ్దంలో ఈ గుడి పని మొదలుపెట్టాడని చెబుతారు. ఇటుక ఇటుకకూ బుద్ధుడే. 1934 భూకంపంలో కూలింది. తిరిగి కట్టాక ఇటుకలు మిగిలిపోతే, వాటితో పక్కనే మాయాదేవికి చిన్న గుడి కట్టారు. అతి దగ్గరలోని ఉకు బహాల్‌లో సింహాలు, ఏనుగులు, వింత లోహ జంతువులు ప్రాంగణమంతా కొలువుదీరి ఉంటాయి. చుట్టుపక్కల ఇళ్ళన్నీ విగ్రహాలు పోతపోసేవారివే. సుత్తి చప్పుడు వింటూ నడక ముగించండి.

బంగారు గుడిలో ఉన్నది నిజంగా బంగారమేనా?

రాగి రేకు మీద బంగారు పూత. పాదరసంలో బంగారాన్ని కలిపి రాగికి పట్టించి, వేడితో పాదరసాన్ని ఆవిరి చేసే పాత పద్ధతి. ఆ ఆవిరి విషం, కంసాలుల ఊపిరితిత్తులే దానికి వెల చెల్లించాయి. మెరుపు చూసేటప్పుడు ఇదీ గుర్తుంటే మంచిది.

కానీ ఇక్కడ బంగారం కంటే చూడవలసినవి వేరే ఉన్నాయి. గర్భగుడి సేవ చేసే ప్రధాన పూజారి పన్నెండేళ్ళ లోపు బాలుడు. సంఘంలోని కుటుంబాల పిల్లలు వంతులవారీగా వస్తారు, ఒక్కొక్కరికి నెల రోజులు. ప్రాంగణంలో తాబేళ్ళు తిరుగుతుంటాయి, కాళ్ళ కిందికి చూసుకుని నడవండి. ఇక్కడ మహాయాన బౌద్ధుల ప్రజ్ఞాపారమిత గ్రంథాన్ని, బంగారు అక్షరాల ప్రతిని, తీసి పురోహితులు పఠిస్తారు. ఆ గ్రంథాన్ని నాగలోకం నుంచి తెచ్చినవాడు నాగార్జునుడని బౌద్ధుల కథ. మన కృష్ణా తీరపు శ్రీపర్వతంతో ముడిపడిన ఆచార్యుడే. ఇంత దూరం వచ్చాక సొంత ఊరి పేరు విన్నట్టుంటుంది.

మేము హిందువులం. బౌద్ధ విహారాల్లోకి వెళ్ళవచ్చా? అసలు ఏది ఎవరి గుడి?

వెళ్ళవచ్చు. రెండో ప్రశ్నను అక్కడివారిని అడిగితే వింతగా చూస్తారు. కృష్ణ మందిరాన్ని 1637లో సిద్ధినరసింహ మల్లుడు కట్టించాడు. 21 గజూరాలు, అంటే కలశాలు, ఉన్న రాతి గుడి. కింది వరుసలో భారతం, పై వరుసలో రామాయణం చెక్కారు, కథ తెలిసేలా నేవారీలో రాశారు కూడా. కృష్ణుడి పై అంతస్తులో శివుడు, ఆ పైన లోకేశ్వరుడు, అంటే బోధిసత్వుడు. వర్షాల కోసం పాటన్ వాసులు రథం లాగే ఎర్ర మచ్ఛీంద్రనాథుడిని హిందువులు మత్స్యేంద్రనాథుడంటారు, బౌద్ధులు కరుణామయుడైన లోకేశ్వరుడంటారు. తాడు మాత్రం అందరూ పట్టుకుంటారు.

కొన్ని హిందూ గర్భాలయాల్లోకి ఇతర మతస్థులను రానివ్వరు, అది వేరే సంగతి.

పై అంతస్తు తలుపు ఎందుకు మూసి ఉంది? ఎంత అడిగినా చూపించలేదు.

చూపించరు. అక్కడ ఆగం దేవత, అంటే ఆ బహాల్ వారు రహస్యంగా కొలిచే దేవత, ఉంటుంది. దీక్ష తీసుకున్న సభ్యులకు తప్ప, ఆ బహాల్‌లోనే పుట్టిన పిల్లలకు కూడా దర్శనం లేదు. డబ్బిస్తామని అనకండి.

2015 భూకంపంలో అంతా పోయిందట కదా?

ఏప్రిల్ 25న వచ్చిన 7.8 తీవ్రత భూకంపంలో దర్బార్ చౌక్‌లోని చార్ నారాయణ్, హరిశంకర్ గుళ్ళు క్షణాల్లో ఇటుకల కుప్పలయ్యాయి. హిటి ఒడ్డున ఉన్న జంట మండపాలూ పడిపోయాయి. కృష్ణ మందిరం బీటలు వారినా నిలిచింది. ఆ రోజే స్థానికులు, సైనికులు, కళాకారులు చేతులతో శిథిలాలు తీసి, చెక్కిన స్తంభాలను, వాసాలను రాజభవనం తోటకు చేర్చి భద్రపరిచారు. తరువాతి ఏళ్ళలో గుళ్ళను తిరిగి కట్టినప్పుడు ఆ పాత చెక్కలనే వీలైనంత వరకు వాడారు. పగిలినచోట కొత్త ముక్క అతికారు. దగ్గరికి వెళ్ళి చూస్తే లేత రంగు కొత్త చెక్క, నల్లబడిన పాత చెక్కలో కలిసిన అతుకు తెలుస్తుంది. దాన్ని దాచకపోవడమే నాకు నచ్చింది. అతుకుల కోసం ఒక అరగంట కేటాయించండి, చెక్కడం నేర్చినవారు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారని నమ్మకం కలుగుతుంది.

చౌక్‌లో స్తంభం మీద కూర్చున్న యోగనరేంద్ర మల్లుడి విగ్రహం కూడా అప్పుడు కిందపడి, మళ్ళీ పైకెక్కింది. ఆయన తల మీద నాగపడగ, పడగ మీద పిట్ట. ఆ పిట్ట ఎగిరిపోయేదాకా రాజు బతికే ఉన్నట్టని, ఏనాటికైనా తిరిగి వస్తాడని కథ.

వాసాల మీద ఆ బొమ్మలేమిటి? పిల్లలతో వెళ్తున్నాం.

కప్పును మోసే ఏటవాలు చెక్కలను టుండాల్ అంటారు. పై భాగంలో దేవతలు, అడుగున కొన్నిచోట్ల శృంగార శిల్పాలు. పిడుగు దేవత కన్య కాబట్టి, సిగ్గుపడి ఈ గుడి జోలికి రాదని గైడ్లు చెప్పే కథను పిల్లలకు చెప్పాలో వద్దో మీ ఇష్టం. నా అనుభవంలో పిల్లలు అసలు పైకే చూడరు, తాబేళ్ళ దగ్గరే ఉంటారు. కంగారుపడేది పెద్దలే.

చెప్పులు, బెల్టు, ఫొటోలు?

క్వా బహాల్ లోపలి ప్రాంగణంలోకి తోలు వస్తువులు తీసుకుపోనివ్వరు. చెప్పులతోపాటు బెల్టు, పర్సు కూడా చూసుకోండి. గర్భగుడిని ఫొటో తీసేముందు అడగండి. మనుషులను తీసేముందు తప్పక అడగండి, ముఖ్యంగా స్నానం చేస్తున్నవారిని, దీపం పెడుతున్నవారిని. మీ ఇంటి ముంగిట్లోకి ఎవరో వచ్చి మీ అమ్మను ఫొటో తీస్తే ఎలా ఉంటుందో అదే ఇక్కడా.

గడప ముందు నేలలో పాతిన రాయి కనిపిస్తుంది, పసుపు కుంకుమలు, పూలరేకులు అంటి ఉంటాయి. దాన్ని పిఖాలఖు అంటారు. ఆ ఇంటికి హద్దు, ఆ ఇంటి దేవత. మన ముగ్గు తొక్కనట్టే దాన్నీ తొక్కకండి.

శాకాహారులం. తినడానికి ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది. వో లేదా బారా అనేది మినప్పిండితో పెనం మీద పోసేది, మన మినపరొట్టెకు దూరపు చుట్టం. చటామరి బియ్యప్పిండి అట్టు. చలికాలంలో అయితే యొమరి అడగండి, బియ్యప్పిండి కుడుములో బెల్లపు పాకం. అయితే నేవారీ వంటిళ్ళలో గేదె మాంసం నిత్యం వండుతారు. అదే పెనం మీద, అదే గరిటెతో వేయవచ్చు. మాంసం, గుడ్డు వద్దని చెబితే వేయరు. పెనం పట్టింపు ఉన్నవారు పళ్ళు, పెరుగుతో సరిపెట్టుకోవడం నయం.

డబ్బు, టిక్కెట్టు, కాగితాలు?

భారతీయులకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్ళేవారు పాస్‌పోర్టు గానీ ఓటరు గుర్తింపు కార్డు గానీ దగ్గర పెట్టుకోవాలి. మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలు, ఈ మారకం 1993 నుంచి స్థిరం. వంద నోట్లకు ఇబ్బంది ఉండదు, పెద్ద నోట్ల నియమాలు మారుతూ వచ్చాయి కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోండి. దర్బార్ చౌక్ టిక్కెట్టు మనలాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాల వారికి ఇతర విదేశీయుల కంటే చాలా తక్కువ, గుర్తింపు కార్డు చూపి ఆ ధరే అడగండి. రాజభవనంలో 1997లో తెరిచిన మ్యూజియాన్ని మాత్రం వదలకండి. ముందు బహాల్‌లు తిరిగి, తరువాత మ్యూజియం చూస్తే అక్కడి ప్రతి విగ్రహం ఎక్కడ కూర్చునేదో కంటికి కడుతుంది. గడియారాన్ని 15 నిమిషాలు ముందుకు తిప్పుకోండి.

ఏ కాలంలో వెళ్ళాలి? బలులు ఉంటాయా?

అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం తేటగా ఉంటుంది. వైశాఖంలో మచ్ఛీంద్రనాథుడి రథం, వెదురుతో ఆకాశమంత ఎత్తు కట్టి, వాడవాడా లాగుతారు. వారాలు పడుతుంది కాబట్టి ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. వానాకాలంలో రాళ్ళు జారుతాయి. శనివారం అక్కడి సెలవు దినం. భీమసేన్ గుడి వంటి చోట్ల బలులున్నాయి, దసరా రోజుల్లో మరీ ఎక్కువ. చూడలేనివారు ముందే గైడుకు చెబితే ఆ సందు తప్పిస్తాడు.

విగ్రహం కొని తెచ్చుకోవచ్చా?

కొత్తది కొనవచ్చు. మైనపు అచ్చుతో పోసినది ఒక్కటి కొనండి, యంత్రపు నకళ్ళు పది కొనేకంటే మేలు. నూరేళ్ళు దాటిన వస్తువులను దేశం దాటించడం నేరం. కొత్తదే అయినా పాతదానిలా కనిపిస్తే పురావస్తు శాఖ ధ్రువపత్రం కావాలి, అంగడివారు ఆ పని చేసిపెడతారు గానీ విమానం రోజు ఉదయం అడిగితే కుదరదు.

ఈ నియమం ఎందుకో తెలియాలంటే పాట్కో వాడకు వెళ్ళండి. అక్కడి గుడిలోని లక్ష్మీనారాయణ రాతి విగ్రహాన్ని 1984లో దొంగలు ఎత్తుకుపోయారు. అది తేలింది అమెరికాలో, డల్లస్ నగరపు మ్యూజియంలో. 2021లో తిరిగి వచ్చింది. తెచ్చినదాన్ని మ్యూజియంలో పెట్టి ఊరుకోలేదు, అదే ఏడాది చివర పాత గుడిలోనే మళ్ళీ ప్రతిష్ఠించారు. ఇప్పుడు ఆ విగ్రహానికి రోజూ నీళ్ళు పోసి, కుంకుమ పెట్టి, పూలు వేస్తున్నారు. గుడి చిన్నది, దర్బార్ చౌక్‌కు నడిచేంత దూరంలోనే. మీ గైడును అడగండి.